మొదటిసారి స్కీయింగా? జెర్మాట్ వెళ్లండి
స్విట్జర్లాండ్‌లో స్కీయింగ్ నేర్చుకోవాలంటే నా ఓటు జెర్మాట్‌కే. ఊళ్లోకి పెట్రోలు కార్లు రానివ్వరు, పక్క ఊరు టేష్‌లో బండి పెట్టేసి 12 నిమిషాలు రైల్లో వెళ్లాలి, దిగగానే ఆ నిశ్శబ్దం, చిన్న చిన్న ఎలక్ట్రిక్ టాక్సీలు, ఎదురుగా 4,478 మీటర్ల మాటర్‌హార్న్ శిఖరం! కొత్తవాళ్లకి ఊరి పైన కొండమీదున్న సునెగ్గా మంచిది, సొరంగం రైలు కొద్ది నిమిషాల్లోనే పైకి చేరుస్తుంది. స్కీ బూట్ల దగ్గర మాత్రం జాగ్రత్త. నేను అద్దెకు తీసుకున్న షాపులో హడావిడిగా ఒక సైజు పెద్దవి ఇచ్చేశారు, మధ్యాహ్నానికల్లా మడమ దగ్గర చర్మం లేచిపోయింది. వేళ్లు ముందు అంచుకి తగిలీ తగలనట్టుండాలి, మడమ అస్సలు లేవకూడదు, తొడుక్కుని మోకాళ్లు వంచి చూశాకే తీసుకోండి. ఖర్చు ఎక్కువే. అయినా 1898 నుంచి నడుస్తున్న గోర్నర్‌గ్రాట్ కొండ రైలు వదలొద్దు, 3,089 మీటర్ల ఎత్తున దించుతుంది, పైకి వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ దగ్గర కూర్చోండి.