చెక్క ట్రెసిల్, దాని కింద లోయ: కిట్టా సొంత చెక్కా? ఫోమా ప్లాస్టరా?

హెచ్‌ఓ స్కేలు (అసలు సైజులో 87వ వంతు) నమూనా రైలు లేఅవుట్ మీద చెక్క ట్రెసిల్, అంటే గుంజల చట్రాల మీద నిలిచే రైలు వంతెన, కట్టే ముందు తేల్చుకోవాల్సినవి రెండు. వంతెనను కిట్టు కొని కట్టాలా, పుల్లలు కోసుకుని కట్టాలా? కింద లోయను ఫోమ్‌తో చెక్కాలా, ప్లాస్టర్‌తో తీర్చాలా? ఈ రెంటినీ విడివిడిగా చూస్తే పొరపాటు జరుగుతుంది. ట్రెసిల్‌లో కొలత పైనుంచి కిందికి నడుస్తుంది. రైలు పట్టా మట్టం ముందు ఖాయం కావాలి, గుంజలు దాని నుంచి దిగాలి, నేల వచ్చి గుంజల పాదాలను అందుకోవాలి. నేలను ముందే గట్టిగా తయారుచేసి, దాని మీద గుంజలు నిలబెట్టుకుంటూ పోతే పట్టా అలల్లా ఎగుడుదిగుడుగా వస్తుంది. పెట్టెలు పట్టా తప్పేది అక్కడే.

అమెరికా పడమటి కొండల్లో, కలప తరలించే రైలు లైన్ల మీద ఇలాంటి వంతెనలు విరివిగా ఉండేవి. కాలిఫోర్నియాలోని గోట్ కాన్యన్ ట్రెసిల్ ఎత్తు దాదాపు 186 అడుగులు. హెచ్‌ఓలో ఒక అడుగుకు 3.5 మి.మీ. కాబట్టి దాన్ని ఉన్నదున్నట్టు చేస్తే 65 సెం.మీ. దాటుతుంది. ఇంట్లో బల్ల మీద అంత ఎత్తు కుదరదు కనుక, ఇక్కడి లెక్కలన్నీ 90 సెం.మీ. పొడవు, నడుమ 30 సెం.మీ. లోతు ఉన్న లోయకు చెప్పినవి. అరకు ఘాట్ లైను నమూనా చేయాలనుకునేవారికి చెక్క ట్రెసిల్ నప్పదు. అక్కడి వంతెనలు చెక్కవి కావు.

ముందు కలప లెక్క. ట్రెసిల్‌లో అడ్డంగా నిలబడే ఒక్కో గుంజల చట్రాన్ని బెంట్ అంటారు. బెంట్‌కూ బెంట్‌కూ మధ్య 15 అడుగులు, అంటే 52.5 మి.మీ. పెడితే 90 సెం.మీ.కు 16 బెంట్లు పడతాయి. ఒక్కో బెంట్‌కు అయిదు గుంజలు. నడిమిది నిటారుగా, దాని పక్క రెండూ అడుగుకు అంగుళం చొప్పున, చివరి రెండూ అడుగుకు రెండున్నర అంగుళాల చొప్పున బయటికి వాలి ఉంటాయి. గుంజ మందం 12 అంగుళాలు, స్కేలులో 3.5 మి.మీ. చదరం. లోయ అంచుల వైపు ఎత్తు తగ్గుతూ పోతుంది కనుక సగటు 18 సెం.మీ. అనుకుంటే, గుంజలకూ అడ్డ దూలాలకూ తరుగుతో కలిపి 20 మీటర్లు కావాలి. పట్టా కింద దాని పొడవునా సాగే దూలాలు ఒక్కో రైలు కింద మూడు చొప్పున ఆరు వరుసలు, మొత్తం అయిదున్నర మీటర్లు. స్లీపర్లు 2.3 మి.మీ. చదరం, 35 మి.మీ. పొడవుతో సుమారు 190.

ఈ లెక్క చూశాక కిట్టు వైపు మనసు పోవడం సహజం. ప్లాస్టిక్ కిట్టు అన్నిటికంటే త్వరగా పూర్తవుతుంది. కానీ బెంట్ల ఎత్తులు ముందే ఖాయమై వస్తాయి కాబట్టి మీ లోయను ఆ ఎత్తులకు తగ్గట్టు మార్చుకోవాలి. ప్లాస్టిక్ మెరుపు పోవాలంటే మ్యాట్ రంగు తప్పదు. దాని మీద ఎంత రంగు వేసినా దగ్గరనుంచి ఫొటో తీస్తే చెక్క అనిపించదు. హెచ్‌ఓ కంటే చిన్నదైన ఎన్ స్కేలులో ఆ తేడా అంతగా కనబడదు, అక్కడ ప్లాస్టిక్‌కే ఓటు. లేజర్‌తో కోసిన చెక్క కిట్టులో ముక్కలు చక్కగా అతుకుతాయి. కాలిన అంచు గోధుమరంగులో ఉంటే ఉప్పుకాగితంతో ఒకసారి గీకితే చాలు. ఇబ్బందల్లా కిట్టు ఒక పొడవుకే పరిమితం కావడం. మీ లోయ అంతకంటే పది సెంటీమీటర్లు ఎక్కువైనా ఇంకో కిట్టు కొనాలి. క్యాంప్‌బెల్ కంపెనీ తరహా పాతకాలపు కిట్టుల్లో పుల్లలూ నమూనా గీతల కాగితమూ వస్తాయి. అది సొంతంగా కట్టుకోవడమే, కలప కొలత చూసి ఏరిపెట్టే శ్రమ మాత్రం తప్పుతుంది. మొదటిసారి కట్టేవారికి ఇంతకు మించిన దారి లేదు.

సొంత చెక్కలో చిక్కంతా చెక్క దొరకడంలోనే. బాస్‌వుడ్ కలప నార సన్నగా, బిగువుగా ఉండి కత్తికి నున్నగా తెగుతుంది. మన ఊళ్ల హాబీ దుకాణాల్లో తేలిగ్గా దొరికే బాల్సా మెత్తన. గోరు తగిలితే నొక్కు పడుతుంది, కోసిన చోట నూగు లేస్తుంది, రంగును మచ్చలుగా పీల్చుకుంటుంది. చదరపు గుంజలకు బాల్సా వద్దు. గుండ్రటి దుంగలు నేలలో దిగేసిన రకం బెంట్లు చేస్తుంటే 3 మి.మీ. వెదురు పుల్లలు, కబాబులకు వాడేవి, బాగా సరిపోతాయి. స్కేలులో అవి పది అంగుళాల దుంగలు. పైపొర నున్నగా ఉంటే జిగురు పట్టదు, ముందు గరుకు చేయాలి. చివర మేకు దిగేస్తే చీలుతాయి కాబట్టి సన్నటి డ్రిల్‌తో బెజ్జం వేసి పిన్ను పెట్టాలి.

కిట్టయినా సొంతమైనా పద్ధతి ఒకటే. అన్నిటికంటే ఎత్తయిన బెంట్‌ను గ్రాఫ్ కాగితం మీద నమూనా సైజులోనే గీసి, మెత్తటి బోర్డు మీద పరిచి, పైన బటర్ పేపర్ వేసి పిన్నులు గుచ్చండి. పొట్టి బెంట్లు అదే బొమ్మలో పైభాగం మాత్రమే, కాబట్టి వాటికి వేరే బొమ్మ గీయనక్కర్లేదు. అంతస్తులను 25 అడుగులకొకటి చొప్పున, అంటే 87.5 మి.మీ.కు, పైనుంచే లెక్కపెట్టాలి. కిందినుంచి లెక్కపెడితే పక్కపక్క బెంట్ల అడ్డ దూలాలు ఒక గీతలోకి రావు, వాటిని కలిపే పొడవాటి పట్టీలు బిగించే వీలుండదు. రంగు అతికించక ముందే వేయాలి, జిగురంటిన చోట రంగు ఇంకదు. అర లీటరు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో రెండు చెంచాల ఇండియా ఇంకు (నల్ల సిరా) కలిపితే ఎండకు వెలిసిన బూడిదరంగు వస్తుంది. నీళ్ల రంగు వాడితే 0.9 మి.మీ. పట్టీలు విల్లులా వంగుతాయి. ఆల్కహాల్ పని కిటికీ తెరిచి, నిప్పుకు దూరంగా చేయాలి. అతుకులకు తెల్ల ఫెవికాలే మేలు. సూపర్ గ్లూ అతుకు పెళుసు, పక్కనుంచి మోచెయ్యి తగిలితే ఊడుతుంది.

వంపు మీద ట్రెసిల్ అంటే చాలామంది భయపడి దూలాలు వంచబోతారు. అసలు వంతెనల్లోనూ దూలాలు వంచరు. బెంట్‌కూ బెంట్‌కూ మధ్య తిన్నగా వేసి, అతుకు బెంట్ నెత్తిన పెడతారు. 56 సెం.మీ. వ్యాసార్ధపు వంపులో 52.5 మి.మీ. తిన్నటి ముక్కకూ వంపు గీతకూ తేడా 0.6 మి.మీ. మాత్రమే, స్లీపర్లు దాన్ని కప్పేస్తాయి. బెంట్లు మాత్రం వంపు కేంద్రం వైపు తిరిగి ఉండాలి. పట్టా వాలు మీద ఉన్నా బెంట్లు నిటారుగానే నిలబడాలి.

దూలాలను బల్ల మీద తలకిందులుగా పరిచి, బెంట్ల నెత్తులు వాటికి అతికించి, ఆరాక తిప్పితే పైభాగం అద్దంలా చదునుగా వస్తుంది. పాదాల్లో రెండు మూడు మి.మీ. తేడాలుంటాయి, ఉండనివ్వండి. ఇక్కడే నేల ప్రశ్న మొదలవుతుంది.

ప్లాస్టర్ లోయ అంటే అట్టపట్టీల జల్లెడ అల్లి, దాని మీద తడిపిన ప్లాస్టర్ గుడ్డ పరచడం. దిగుమతి గుడ్డ ఖరీదనిపిస్తే, ఎముక విరిగినప్పుడు కట్టే ప్లాస్టర్ పట్టీ మందుల దుకాణంలో దొరుకుతుంది, పదార్థం అదే. 15 సెం.మీ. వెడల్పు, 2.7 మీ. పొడవు చుట్ట సగానికి సగం ఒకదానిపై ఒకటి పడేలా పరిస్తే 0.2 చదరపు మీటరు కప్పుతుంది, ఈ లోయకు అయిదు చుట్టలు. కొండ వాలు, పెద్ద బండలు ప్లాస్టర్‌లో వచ్చినంత సహజంగా ఫోమ్‌లో రావు. దోషాలూ ఉన్నాయి. బరువెక్కువ, లేఅవుట్ కదిపితే పగుళ్లిస్తుంది, పెచ్చు లేచిన చోట తెల్లగా కనబడుతుంది. చివరిదానికి మందు సులువు: కలిపేటప్పుడే పసుపు ఆక్సైడ్, ఎర్ర ఆక్సైడ్ పొడి కాస్త వేయాలి. ట్రెసిల్ విషయంలో అసలు లోపం, ఆరిన పెంకును పాదం కోసం రెండు మి.మీ. చెక్కబోతే బొక్క పడటం.

ఫోమ్ తేలిక, కత్తికి లొంగుతుంది, తప్పు చెక్కితే ముక్క అతికించి మళ్లీ చెక్కొచ్చు. ఇంటి కప్పుల ఇన్సులేషన్‌కు వాడే గట్టి ఎక్స్‌పీఎస్ పలకలు దొరికితే అవే తీసుకోండి. తెల్ల థర్మకోల్ పూసలు రాలి పట్టాల మధ్య, ఇంజను గేర్లలో చేరతాయి. పొరల మధ్య తెల్ల జిగురు మందంగా పూస్తే గాలి తగలక నడుమ రోజుల తరబడి పచ్చిగానే ఉంటుంది. ఘాటు సాల్వెంట్ జిగుళ్లు, డబ్బా స్ప్రే రంగులు ఫోమ్‌ను తినేస్తాయి. వేడి తీగతో కోస్తే పొగ వస్తుంది, మూసిన గదిలో వద్దు.

ట్రెసిల్ పాదాల కింద ఫోమే మేలు, మిగతా కొండకు ప్లాస్టరే మేలు. పాదాలు ఆనే చోట ఫోమ్‌ను అయిదారు మి.మీ. లోతు ఎక్కువే చెక్కాలి. వంతెనను రెండు గట్టుల మీద ఆనించి, రసమట్టం చూసి, ఒక్కో పాదం కింద చెక్క ముక్క పెట్టి ఖాళీని నింపాలి. ఆ ముక్కకు వెదురు పిన్ను గుచ్చి ఫోమ్‌లో దింపాలి, ఫోమ్ మరను పట్టుకోదు. తర్వాత వంతెన తీసి పక్కన పెట్టి, ప్లాస్టర్, రంగు, గడ్డి, బల్లాస్ట్ (పట్టా కింది కంకర) పనులన్నీ ముగించుకోవాలి. రంగు వేసిన చెక్క మీద పడిన ప్లాస్టర్ చుక్క ఎంత తుడిచినా తెల్ల మరకగానే మిగులుతుంది. వంతెన తిరిగి పెట్టాక పాదాల చుట్టూ సందుల్ని కాగితం గుజ్జు, ప్లాస్టర్, కాస్త ఫెవికాల్ కలిపిన ముద్దతో పూడ్చాలి. అది మెల్లగా గట్టిపడుతుంది కాబట్టి పుల్లతో సర్దుకునే వ్యవధి ఉంటుంది.

ఫ్లెక్స్ ట్రాక్ (కావలసినట్టు వంచుకోగల నమూనా పట్టా) ముక్క పొడవు 91 సెం.మీ., కనుక ఈ వంతెనకు అతుకులు సరిగ్గా గట్టుల మీద పడతాయి. మట్టం తేడా ఎక్కువగా వచ్చేదీ అక్కడే. రెండు ముక్కలను ముందే సోల్డర్ చేసి, ఆ అతుకు వంతెన నడుమ ఒక బెంట్ నెత్తిన పడేలా, మిగతా చివరలు రెండు వైపులా నేల మీదికి బాగా లోపలికి పోయేలా వేయండి. లోయ అడుగున వాగుకు రెజిన్ పోస్తుంటే 3 మి.మీ. పొరల చొప్పున పోయాలి. మందంగా పోస్తే ఆ వేడికి కింద ఫోమ్ కరుగుతుంది. ఫోమ్ మీద ముందు ప్లాస్టర్ పూత వేసి, అంచుల సందులన్నీ మూసి ఉండాలి. సూది బెజ్జం మిగిలినా రెజిన్ రాత్రికి రాత్రి బల్ల కిందికి కారిపోతుంది.