ఇటాలియన్ పదాల యాప్‌తో మూడేళ్లు, కార్డు వెనక తెలుగు

ఇటలీలోని బొలోన్యా నగరానికి చదువు కోసం రావడానికి కొద్ది నెలల ముందు మొదలుపెట్టి, ఇప్పటికి మూడేళ్లుగా రోజూ వాడుతున్న పదాల కార్డుల యాప్ గురించి రాస్తున్నాను. మరిచిపోయిన పదం ఎన్ని రోజులకు తిరిగి వస్తుందో, కార్డులు ఎలా మారుతాయో ఇటువంటివి వాడినవారికి తెలిసినదే కనుక ఆ వివరాలు వదిలేస్తున్నాను. నేను చెప్పదలచుకున్నది ఇందులోని ఒకే ఒక ఏర్పాటు గురించి. ఇంగ్లీషు మాటను పోలిన ఇటాలియన్ పదాన్ని ఈ యాప్ ఒక్కసారి చూపించి, తనంతట తానే ‘తెలిసినవి’ అనే పెట్టెలో వేసేస్తుంది. ఆ పదం ఇక పునశ్చరణకు రాదు.

మొదట్లో ఈ ఏర్పాటును నేను అందరి దగ్గరా మెచ్చుకున్నాను. నత్సియోనె (నేషన్), స్తత్సియోనె (స్టేషన్), ఉనివెర్సితా (యూనివర్సిటీ) వంటివి ఇంగ్లీషు మాధ్యమంలో చదివినవారికి చూడగానే తెలిసిపోతాయి కాబట్టి, నెల తిరిగేసరికి కొన్ని వందల పదాలు వచ్చేశాయన్న ధైర్యం కలిగింది.

ఆ ధైర్యం మొదటి జనవరిలోనే పోయింది. మా ఇంట్లో నీళ్లనూ గదులనూ వేడిచేసే కల్దాయ చెడిపోయి నాలుగు రోజులైంది. ఇంటి యజమానురాలు పురమాయించిన మరమ్మతు మనిషి ఫోనులో “ఎవెంతువల్మెంతె పస్సొ దొమాని మత్తీన” అన్నాడు. దొమాని మత్తీన అంటే రేపు ఉదయం, పస్సొ అంటే వస్తాను. మొదటి పదం ఇంగ్లీషు ‘ఈవెంచువల్లీ’ లాగే ఉంది కనుక, నాలుగు రోజుల ఎదురుచూపు తరువాత ‘చివరికి రేపు ఉదయం వస్తున్నాను’ అంటున్నాడని నిశ్చయంగా అనుకున్నాను. ల్యాబు మానుకొని, ఇంట్లోనే కోటు వేసుకొని మధ్యాహ్నం రెండు గంటల దాకా కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఫోను చేసి, మాట ఇచ్చి తప్పడం మర్యాద కాదని, నాకు వచ్చిన కొద్దిపాటి ఇటాలియన్‌లో కటువుగానే అన్నాను. ఆయన నొచ్చుకొని, తాను మాట ఇవ్వనే లేదన్నాడు. ఆ సాయంత్రం పై అంతస్తులో ఉండే పెద్దావిడ విడమరిచి చెప్పింది: ఆ పదానికి ‘వీలైతే, అవసరమైతే’ అని అర్థం. వస్తే రావచ్చునని మాత్రమే ఆయన అన్నాడు. మర్నాడు ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను కానీ, ఆ సంగతి తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

తెలిసినవి పెట్టె తెరిచి చూస్తే ఆ కార్డు అందులోనే ఉంది, వెనక అర్థమూ సరిగానే ఉంది. తప్పు అర్థంలో లేదు, ఒక్కసారి చూపించి దాచేయడంలో ఉంది. చూసిన అర్థం చెరిగిపోయి, దాని చోటులో ఇంగ్లీషు పోలిక వచ్చి కూర్చుంది. అదే పెట్టెలో పరెంతి (తల్లిదండ్రులు కాదు, బంధువులు), లిబ్రెరీయ (గ్రంథాలయం కాదు, పుస్తకాల దుకాణం), అత్తువల్మెంతె (‘నిజానికి’ అని కాదు, ‘ప్రస్తుతం’ అని), ఎదుకాతొ (చదువుకున్నవాడు కాదు, మర్యాద తెలిసినవాడు) కనబడ్డాయి. నిజానికి అన్నిటికంటే ఎక్కువ సార్లు రావలసినవి ఈ పదాలే.

పెట్టె ఖాళీ చేసి, కార్డుల వెనక ఉన్న ఇంగ్లీషును తీసేసి తెలుగు రాయడం మొదలుపెట్టాను. అక్కడ నాకు ఎదురైన సంతోషాన్ని ఎంత చెప్పినా తక్కువే. ‘మి ప్యాచె’ అన్నదాన్ని ఇంగ్లీషు ద్వారా నేర్చుకున్నప్పుడు, ఇష్టపడే మనిషి వాక్యంలో కర్త ఎందుకు కాడో తెలియక, ప్రతిసారీ తలకిందులు చేసుకొని చెప్పేదాన్ని. తెలుగులో అది ‘నాకు నచ్చుతుంది’. వస్తువులు ఒకటికి మించితే ‘మి ప్యచ్చొనొ’, మనం ‘నాకు నచ్చుతాయి’ అన్నట్టే క్రియ వస్తువులను అనుసరిస్తుంది. ‘మి సెర్వె’ నాకు కావాలి, ‘మి సెంబ్ర’ నాకనిపిస్తోంది. ఇంగ్లీషు ఒకే మాటతో సరిపెట్టే తు, లేయి అన్న సంబోధనలు మనకు నువ్వు, మీరు. ఒత్తుల సంగతి చెప్పనే అక్కరలేదు: కాస అంటే ఇల్లు, కస్స అంటే డబ్బు కట్టే చోటు, సేతె దాహం, సెత్తె ఏడు. ఇంగ్లీషే మాతృభాషగా ఉన్న నా సహాధ్యాయులు ఈ జంటలను విడదీసి పలకడానికి నెలల తరబడి కష్టపడ్డారు. ఒత్తుతో అర్థం మారే భాషలో పెరిగినందువల్ల నాకు ఆ తేడా మొదటి రోజే చెవికి తెలిసింది.

అయితే తెలుగు అన్నిచోట్లా ఆదుకోదు. మర్యాదకు వాడే లేయి ఏకవచనమే, క్రియ ‘ఆవిడ’కు వాడే రూపంలో ఉంటుంది, మీరు బహువచనం కనుక అక్కడ నేను చాలాకాలం తడబడ్డాను. చెయ్యి అనే మానొ ‘ఒ’తో ముగిసినా స్త్రీలింగం కావడం, ప్రొబ్లేమ ‘అ’తో ముగిసినా పుంలింగం కావడం వంటివి ఏ భాష సాయమూ లేకుండా కంఠస్థం చేయవలసిందే. పైగా ఒక్కొక్క కార్డు వెనక తెలుగు టైపు చేయడానికి నాకు దాదాపు ఏడాది పట్టింది, అంత తీరిక అందరికీ ఉండదు.

నేను ఇటలీలోనే ఉండి ఈ భాషను రోజూ వింటున్నాను కాబట్టి పొరపాట్లు తొందరగానే బయటపడ్డాయి. రెండు నెలల్లో ఏ2 అనే ప్రాథమిక స్థాయి భాషా పరీక్ష రాయవలసి, హైదరాబాదులో కూర్చొని చదువుకునేవారికి ఆ పెట్టె వల్ల నిజంగానే సమయం కలిసిరావచ్చు, వారిని వద్దనలేను. నా మట్టుకు నేను, కార్డులన్నీ ఇందులోనే ఉన్నందువల్ల వచ్చే ఏడాదికి కూడా చందా కట్టాను, ఆ ఏర్పాటును మాత్రం సెట్టింగులలో ఆపేశాను.