ఐస్‌లాండ్ ఎఫ్ రోడ్ల మీద పైకప్పు లేచే పికప్‌లో

సొంతంగా క్యాంపర్, అంటే లోపల పడుకునే ఏర్పాటున్న బండి, కట్టించుకోవాలని రెండేళ్లుగా కాగితాల మీద బొమ్మలు గీస్తున్నాను. డబ్బు పెట్టేముందు అద్దె బండిలో కొన్ని రాత్రులు పడుకుని చూద్దామని మా ఆవిడ అంది. అలా ఆగస్టులో ఐస్‌లాండ్ వెళ్లాం.

అక్కడ ఫెండర్లు (చక్రాల పైన ఉండే రేకులు) కోసి 38 అంగుళాల టైర్లు తొడిగిన బండ్లు వింతేమీ కాదు. టైరు పెరిగితే ఇంజన్ లాగలేదు కాబట్టి ఇంజన్ శక్తిని చక్రాలకు అందించే డిఫరెన్షియల్ గేర్లు కూడా మారుస్తారు. మంచు మీద కూరుకుపోకుండా టైర్లలో గాలి 3, 4 పీఎస్ఐకి (గాలి ఒత్తిడి కొలత) దించేస్తారు. మాకు దొరికింది అంత వీరబండి కాదు. మామూలు టొయోటా హైలక్స్ పికప్, వెనక పడుకోడానికి పైకప్పు లేచే పెట్టె.

బండి అప్పగించిన కుర్రాడు స్టవ్ గురించి అరగంట చెప్పాడు. వాగు దాటేటప్పుడు ఇంజన్‌లోకి నీళ్లు పోతే బీమా రాదన్న సంగతి తాళాలిచ్చాక చెప్పాడు. టైర్లలో గాలి నింపే కంప్రెసర్ అడిగితే లేదన్నాడు.

హ్రోయ్‌నేయార్‌లో డీజిల్ నింపుకుని ఎఫ్208 ఎక్కాం. ఎఫ్ రోడ్లంటే ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు మాత్రమే వెళ్లగల కొండప్రాంతపు మట్టిరోడ్లు. రోడ్డంతా బట్టలుతికే బండలా అడ్డగట్లు. గిన్నెలు, పళ్లు ఒకేసారి అదిరాయి. టైర్లలో గాలి 22 పీఎస్ఐకి దించగానే బండి మెత్తబడింది. కానీ మళ్లీ నింపేదెలా? తిరుగు దారిలో తారు రోడ్డు దగ్గర ఒక స్థానికుడు తన బండి బానెట్ కింది కంప్రెసర్ గొట్టం లాగి నాలుగు టైర్లూ నింపిపెట్టాడు. ఆయన బండిని చూస్తూ నేను, టైము చూస్తూ మా ఆవిడ.

లాండ్‌మన్నలోయ్‌గర్‌లో వేడినీటి ఊట అద్భుతం. క్యాంపు స్థలం మాత్రం రాళ్లమయం, పైగా కిటకిట. రాత్రి గాలి లేచింది. పైకప్పు చుట్టూ ఉన్న గుడ్డ తెరచాపలా కొట్టుకుంటుంటే రెండు గంటలకు కప్పు దించేసి, కింద ముడుచుకుని పడుకున్నాం. డీజిల్ హీటరు బాగానే పనిచేసింది గానీ తెల్లారేసరికి గోడలకు చెమట పట్టింది.

తర్వాత ఎఫ్26. రెండు వందల కిలోమీటర్లకు పైగా బంకు లేని నల్లటి ఎడారి. నడుమ ప్రయాణికులు బస చేసే నీయిదాలుర్ గుడిసెలు. అక్కడ ఏమీ లేదు, అందుకే నాకు నచ్చింది. పక్కనే ఉన్న వాగును సాయంత్రం దాటబోతే గుడిసె చూసుకునే ఆవిడ ఆపింది. ఎండకు హిమానీనదం కరిగి సాయంత్రానికి నీరు పెరుగుతుందట. పొద్దున్నే ముందు నడిచి చూశాను. నీళ్లు మోకాలి కిందకే. అంత టెన్షన్ పడ్డది దీనికా అనిపించింది.

ఇక్కడ క్యాంపర్‌లో ఎక్కడపడితే అక్కడ రాత్రి గడపకూడదు. క్యాంపు స్థలాల్లోనే ఉండాలి, లేదా స్థలం యజమాని ఒప్పుకోవాలి. రోడ్డు దిగి బండి నడపడమూ నేరమే. రోజూ క్యాంపు స్థలంలోనే దిగేటప్పుడు బండిలో షవర్ ఎందుకు? నా బొమ్మలో షవర్‌కీ నీళ్ల ట్యాంకుకీ కలిపి 90 కిలోలు పోతున్నాయి.

గోదాఫోస్ జలపాతం దగ్గర టీ తాగుతూ నా బొమ్మలో షవర్‌ను కొట్టేసి, ఆ చోట కంప్రెసర్ గీశాను. గుడ్డ కప్పు తీసేసి గట్టి కప్పు పెట్టాను. మా ఆవిడ పెన్సిల్ లాక్కుని పరుపు మందం రెట్టింపు చేసింది.