బిజినెస్‌తో పాటు చైనీస్ చదవాలంటే ఏ దారి మేలు?

మా అక్క కూతురు ఇంటర్ సెకండియర్. సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నన్ను పట్టుకుంది: "పిన్నీ, బీబీఏలో చేరి చైనీస్ పక్కన నేర్చుకోనా, లేక చైనీసే డిగ్రీగా తీసుకుని ఎంబీఏ తర్వాత చేయనా? ఇంగ్లండ్‌లో రెండూ కలిపిన డిగ్రీ ఉందంట, అదెలా ఉంటుంది?" వాళ్ల నాన్న ఖమ్మంలో మిర్చి వ్యాపారి. తేజ రకం కాయకి పెద్ద గిరాకీ చైనాదే, అక్కడివాళ్లు కొనడం ఆపారంటే ఇక్కడ క్వింటా ధర పడిపోతుంది, ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఇదంతా ఆ పిల్ల చిన్నప్పటి నుంచి చూస్తూ పెరిగింది. అందుకే అడిగింది. నేను హైదరాబాద్‌లో ఒక మందుల కంపెనీకి ముడిసరుకు తెప్పించే పనిలో ఉన్నాను, రోజూ మాట్లాడేది చైనా సప్లయర్లతోనే. దానికి చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నా.

అసలు ఈ చదువుకి భవిష్యత్తు ఉందా అని బావ అడిగాడు. 2024-25లో మనం చైనా నుంచి తెచ్చుకున్న సరుకు 113 బిలియన్ డాలర్లు దాటింది, మనం పంపింది 14 బిలియన్ల పైచిలుకు మాత్రమే. మన ఫార్మా కంపెనీలకి ముడిసరుకులో పెద్ద వాటా అక్కడిదే. చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ రాళ్లు, గోదావరి జిల్లాల రొయ్యలు అక్కడికి పోతాయి. అయినా మన దగ్గర ఈ భాష చదివేవాళ్లు బాగా తక్కువ, 2020 జాతీయ విద్యా విధానంలో స్కూళ్లకి సూచించిన విదేశీ భాషల్లో కొరియన్, జపనీస్, థాయ్ ఉన్నాయి కానీ చైనీస్ పేరే లేదు. 2020లో సరిహద్దులో గల్వాన్ ఘర్షణ తర్వాత గొడవలు, ఆగిపోయిన విమానాలు అన్నీ నిజమే (2025 అక్టోబర్‌లో మళ్లీ మొదలయ్యాయి), కానీ ఆ ఐదేళ్లలో కూడా సరుకు రావడం ఆగలేదు, మా ఆఫీసులో ఫోన్లు ఆగలేదు.

ఇక దారుల సంగతి. మొదటిది, మనవాళ్లలో ఎక్కువమంది పట్టేది: బీకామో బీబీఏనో చేస్తూ శని, ఆదివారాలు చైనీస్ క్లాసుకి పోవడం. నేను చేసింది ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను. అమెరికా విదేశాంగ శాఖ తన ఉద్యోగులకి భాషలు నేర్పే సంస్థ చైనీస్‌ని అన్నిటికంటే కష్టమైన భాషల జాబితాలో పెట్టి, పని చేసుకోగలిగే స్థాయికి 2200 గంటల క్లాసులు కావాలంటుంది. అది ఇంగ్లిష్ వాళ్ల లెక్క అనుకున్నా, వారానికి నాలుగు గంటలంటే ఏడాదికి 200, మొత్తం పదకొండేళ్లు. మధ్యలో సెమిస్టర్ పరీక్షలొస్తే నెల రోజులు క్లాసు పోతుంది, తిరిగొచ్చేసరికి అక్షరాలు సగం మర్చిపోయి ఉంటాం. నేను రెండేళ్లు అలా తిరిగి హెచ్‌ఎస్‌కే అనే చైనీస్ భాషా పరీక్షలో మూడో స్థాయి పాసయ్యాను, సంతోషపడ్డాను. నేను రాసినప్పుడు ఆ పరీక్షలో చదవడం, వినడం, రాయడం ఉండేవి గానీ మాట్లాడడం లేదు, దానికి వేరే పరీక్ష. ఉద్యోగంలో మొదటి నెలలోనే ఆ తేడా తెలిసొచ్చింది.

చైనీస్‌లో కొనడాన్నీ "మాయ్" అంటారు, అమ్మడాన్నీ "మాయ్" అంటారు. గొంతు కిందికి దించి మళ్లీ కాస్త పైకి లేపితే కొనడం, పైనుంచి ఒక్కసారిగా కిందికి దించేస్తే అమ్మడం. రాతలో కూడా అంతే దగ్గర, ఇప్పుడు చైనాలో వాడే లిపిలో కొనడం అనే అక్షరం నెత్తిన మన కూడిక గుర్తులాంటి "పది" పెడితే అమ్మడం అయిపోతుంది, రెండూ కలిపి "మాయ్‌మాయ్" అంటే వ్యాపారం. నేను ఫోన్‌లో మేము కొంటాం అనబోయి అమ్ముతాం అన్నాను. అవతలాయన ఒక్క క్షణం ఆగి, మర్యాదగా ఇంగ్లిష్‌లోకి మారిపోయాడు. ఇంకెప్పుడూ నాతో చైనీస్ మాట్లాడలేదు. అవతలివాళ్లు మనతో ఇంగ్లిష్‌లోకి మారారంటే ధర సంగతి వాళ్లలో వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో మన చెవికి ఎక్కదు.

రెండో దారి చైనీసే డిగ్రీగా చదవడం. ఢిల్లీ జేఎన్‌యూలో బీఏ ఆనర్స్ ఉంది, సీయూఈటీ అనే జాతీయ ప్రవేశ పరీక్ష ద్వారా సీటు, ఫీజు మన ఇంజినీరింగ్ కాలేజీలతో పోలిస్తే లెక్కలోకే రాదు. శాంతినికేతన్‌లో విశ్వభారతి చీనా భవన్ 1937 నుంచి నడుస్తోంది. ఇక్కడ గొప్ప ఏంటంటే రోజూ క్లాసు, రోజూ రాత, చుట్టూ అదే చదివే పిల్లలు, చరిత్ర, సాహిత్యం కూడా. లోటు కూడా స్పష్టమే: బ్యాలెన్స్ షీట్ చదవడం రాదు, ఎల్‌సీ (సరుకు డబ్బుకి బ్యాంకు ఇచ్చే హామీ పత్రం) అంటే తెలియదు, దాంతో అనువాదకుల ఉద్యోగాల్లోనే ఆగిపోయేవాళ్లు ఉంటారు. అయితే ఈ లోటు పూడ్చుకోవచ్చు. 2022 నుంచి యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చేయనిస్తోంది, ఒకటి కాలేజీలో, ఇంకొకటి దూరవిద్యలో. చైనీస్ రెగ్యులర్‌గా, బీకామ్ దూరవిద్యలో పెట్టుకోవచ్చు. ఎంబీఏ సీటు కోసం క్యాట్ రాయడానికి ఏ డిగ్రీ అయినా చాలు. అకౌంట్స్ ఇరవై ఐదేళ్లకి మొదలుపెట్టినా వస్తాయి, పుస్తకం ముందేసుకుని సొంతంగా కూడా నేర్చుకోవచ్చు. చెవి, నాలుక, వేలకొద్దీ అక్షరాలు మాత్రం పద్దెనిమిది నుంచి ఇరవై రెండేళ్ల మధ్య, ఇంకే బాధ్యతా లేనప్పుడు పట్టినంత తేలిగ్గా మళ్లీ పట్టవు. నా లెక్క మొత్తం దీని మీదే నిలబడి ఉంది.

మూడోది ఇంగ్లండ్‌లో లీడ్స్, షెఫీల్డ్ లాంటి యూనివర్సిటీల్లో ఉండే ఉమ్మడి డిగ్రీ. నాలుగేళ్లు, అందులో ఒక ఏడాది చైనాలోనో తైవాన్‌లోనో. పద్ధతిగా చూస్తే మూడింట్లోనూ బాగా ఆలోచించి పెట్టింది ఇదే, ఆ ఒక్క ఏడాదిలో వచ్చే భాష మిగతా మూడేళ్లలో రాదు. కానీ విదేశీ విద్యార్థికి ఫీజే ఏటా 20 వేల పౌండ్లు దాటుతుంది, తిండి, అద్దె వేరే. అప్పు చేసి చదివితే ఆ అప్పు తీర్చడానికి చైనీస్‌తో సంబంధం లేని ఏదో ఒక ఉద్యోగంలో చేరాల్సొస్తుంది, అది నాకు భయం. పైగా ఆ విదేశీ ఏడాది మన చేతిలో ఉండదు. 2020లో చైనా తలుపులు వేసేసి విదేశీ విద్యార్థులకి మళ్లీ తీసింది 2022 ఆగస్టులో. అక్కడ ఎంబీబీఎస్ చదివే మన పిల్లలు ఇళ్లలో కూర్చుని ఆన్‌లైన్‌లో చదువుకున్నది చూశాం కదా. చైనాలోని నింగ్‌బోలో ఇంగ్లండ్ నాటింగ్‌హామ్ యూనివర్సిటీ క్యాంపస్ లాంటివీ ఉన్నాయి, కానీ అక్కడ పాఠాలు ఇంగ్లిష్‌లోనే, పట్టుదల లేకపోతే చైనాలో ఉండి కూడా చైనీస్ రాకుండా బయటికి రావచ్చు.

ఈ డిగ్రీల్లో ఉండే సంస్కృతి పేపర్లు ఎందుకు, భాష చాలదా అంటారు. ఒకసారి ధర తగ్గించమంటే సప్లయర్ "యెన్‌జ్యూ యెన్‌జ్యూ" అన్నాడు, పరిశీలిస్తాం అని అర్థం. నేను మూడు వారాలు ఎదురుచూశాను, స్టాక్ అయిపోవచ్చింది. అది మర్యాదగా కాదనడం అని మా సీనియర్ చెప్తే గానీ తెలియలేదు. మన పెళ్లిళ్లలో "చూద్దాంలే" అన్నట్టే కదా, కానీ పరాయి భాషలో అది పట్టుకోవాలంటే మనుషుల తీరు చదివి ఉండాలి. నిజానికి తెలుగువాళ్లకి కొన్ని ఇంగ్లిష్ వాళ్ల కంటే తొందరగా ఎక్కుతాయి. అన్న, తమ్ముడు, అక్క, చెల్లి అక్కడా నాలుగు వేరు వేరు మాటలు. ఉత్తర చైనావాళ్లు మాటల్లో "జాన్‌మెన్" అన్నారంటే మన "మనం", ఎదుటివాళ్లని కలుపుకున్నట్టు. బేరంలో ఆ మాట వినపడితే నాకు ప్రాణం లేచొస్తుంది.

కాబట్టి నేను దానికి రెండో దారే చెప్పాను, దూరవిద్య బీకామ్ జోడించి. డబ్బు ఇబ్బంది లేకపోతేనో, మంచి స్కాలర్‌షిప్ దొరికితేనో మూడోది. మొదటిది ఇప్పటికే ఉద్యోగంలోనో వ్యాపారంలోనో ఉన్నవాళ్లకి తప్ప వద్దంటాను, వాళ్లు కూడా వీలు చేసుకుని ఒక ఏడాది అక్కడికెళ్లి నేర్చుకోవాలి. నాకు నోరు తిరిగింది అలా వెళ్లొచ్చాకే. తైవాన్ ప్రభుత్వం భాష నేర్చుకోవడానికే హువాయు స్కాలర్‌షిప్ ఇస్తుంది. అక్కడి లిపి పాతది, గీతలు ఎక్కువ, కానీ కొంగరకలాన్‌లో ఫాక్స్‌కాన్, తడ దగ్గర అపాచీ బూట్ల ఫ్యాక్టరీ రెండూ తైవాన్ వాళ్లవే కాబట్టి ఆ చదువు వృథా పోదు.

ఏ కాలేజీ అయినా చేరే ముందు రెండు అడగమన్నాను: వారానికి భాష క్లాసులు ఎన్ని గంటలు, చివరి ఏడాది పిల్లలు చైనీస్‌లో ఒక పది నిమిషాలు ఆగకుండా మాట్లాడగలరా. ఈలోగా సీయూఈటీకి చదువుకుంటూ రోజూ రాత్రి నాకు వాయిస్ మెసేజ్ పెడుతోంది, కొనే "మాయ్" ఒకటి, అమ్మే "మాయ్" ఒకటి. కొనేది ఇంకా సరిగ్గా దిగడం లేదు, అమ్మేది మాత్రం బాగా వచ్చేసింది.