పాత బంకు జాగాలో మట్టి పరీక్ష: చేతి మీటరా, ల్యాబా?

మూతపడిన పెట్రోల్ బంకు జాగా కొనేవాళ్లు, అక్కడ అపార్ట్‌మెంటు లేపాలనుకునే బిల్డర్లు పదే పదే అడిగేది ఒక్కటే: పీఐడీ మీటరుతో (మట్టి నుంచి లేచే ఆవిరిని కొలిచే చేతి పరికరం) చూపిస్తే చాలదా, ల్యాబు ఖర్చు దేనికి? మీటరు అక్కడికక్కడే అంకె చెబుతుంది. ఒక్క రోజులో ముప్పై, నలభై చోట్ల చూసేయొచ్చు. ల్యాబు రిపోర్టుకు రోజులు ఆగాలి, శాంపిలుకు ఇంతని కట్టాలి. వేగం, ఖర్చు మాత్రమే చూస్తే మీటరుదే పైచేయి.

అయితే మీటరు కొలిచేది మట్టిని కాదు, మట్టి నుంచి లేచిన ఆవిరిని. అది పీపీఎంలో (గాలి పది లక్షల పాళ్లలో ఆవిరి ఎన్ని పాళ్లో) వస్తుంది, ల్యాబు అంకె కిలో మట్టికి మిల్లీగ్రాముల్లో ఉంటుంది. ఖనిజ నూనెకు డచ్ (నెదర్లాండ్స్) పరిమితి కిలోకు 5000 మిల్లీగ్రాములని ఎక్కడో చదివి, ‘మీటరులో 200 వచ్చింది, ఫర్వాలేదు’ అనుకుంటే అది కిలోలను లీటర్లతో పోల్చినట్టే. పెట్రోలులో ఉండే బెంజీన్ ఎంత, జైలీన్ ఎంత అని మీటరు విడదీయదు, అన్నిటికీ కలిపి ఒకే అంకె. డీజిల్ సరిగా ఆవిరి కాదు కాబట్టి డీజిల్ పంపు కింద మట్టి జిడ్డుగా కనిపిస్తున్నా చిన్న అంకెతో సరిపెడుతుంది. తేలిక భాగాలు ఎగిరిపోయిన పాత పెట్రోలు దగ్గరా ఇదే తంతు.

అందుకని మీటరు పనికిరాదని కాదు. ఎక్కడ తవ్వాలో చెప్పడంలో దానికి సాటి లేదు. 100 పీపీఎం ఐసోబ్యుటిలీన్ వాయువుతో మీటరును సరిచూసుకుని, గాజు సీసాలో సగం దాకా మట్టి వేసి, నోటికి అల్యూమినియం ఫాయిల్ బిగించి ఊపాలి. పది నిమిషాలాగి మళ్లీ ఊపి, ఫాయిల్‌కు చిల్లు పెట్టి, మొదటి కొన్ని సెకన్లలో వచ్చిన గరిష్ఠ అంకె రాసుకోవాలి. సీసాలన్నీ ఒకే నీడలో ఉండాలి. మే నెల ఎండలో పెట్టిన సీసాకూ ఏసీ కారులో పెట్టినదానికీ పోలిక కుదరదు. వానాకాలంలో మీటరు లోపలి దీపం మీద తడి చేరితే అంకె నిలకడ తప్పుతుంది.

ల్యాబు వైపు అసలు చిక్కు మిషన్‌లో లేదు, శాంపిలు తీసే చేతిలో ఉంది. మనకు అలవాటైన మట్టి పరీక్ష పొలానిది: ‘వీ’ ఆకారంలో గుంట తీసి, పది చోట్ల మట్టి కలిపి, నాలుగు భాగాలు చేసి రెండు పారేసి, నీడలో ఆరబెట్టి, అర కిలో గుడ్డ సంచిలో పంపడం. భాస్వరానికి అది సరైన పద్ధతే. ఇక్కడ మాత్రం ప్రతి మెట్టులోనూ పెట్రోలు గాలిలో కలిసిపోతుంది. చివరికి ‘ఏమీ లేదు’ అని రిపోర్టు వస్తుంది, జాగా చేతులు మారుతుంది.

చేయాల్సింది ఇది. ల్యాబు ముందే తూచి, పెట్రోలు ఆవిరి కాకుండా పట్టి ఉంచే మిథనాల్ ద్రావకం పోసి ఇచ్చే 40 మిల్లీలీటర్ల వయల్స్ (మూత బిగించే చిన్న గాజు సీసాలు) తెప్పించుకోవాలి. తవ్విన గోడను కాస్త చెక్కి, అప్పుడే బయటపడిన ముఖంలోకి కొన కోసేసిన ప్లాస్టిక్ సిరంజి గుచ్చి, సుమారు 5 గ్రాముల మట్టి ముద్దను నేరుగా మిథనాల్‌లోకి తోయాలి. వయల్ మూతి మర మీద ఇసుక రేణువు మిగిలితే మూత బిగిసినట్టే ఉండి ఆవిరి పోతుంది, కాబట్టి తుడిచాకే బిగించాలి. తర్వాత ఐసు పెట్టె, 14 రోజుల్లోపు పరీక్ష. తేమ లెక్కకు మిథనాల్ లేని చిన్న సీసాలో ఇంకొంత మట్టి, మట్టి వేయకుండా మిథనాల్‌తోనే వెంట తిరిగొచ్చే వయల్ ఒకటి. ఐసు పెట్టెను పెట్రోలు డబ్బా పక్కన పెడితే ఆ మట్టి లేని వయలే పట్టిస్తుంది.

ల్యాబును అడగాల్సింది గ్యాస్ క్రొమటోగ్రఫీ (కలిసున్న రసాయనాలను విడదీసి ఒక్కొక్కటీ ఎంతో చెప్పే పరీక్ష): బెంజీన్, టోలుయీన్, ఇథైల్ బెంజీన్, జైలీన్, నాఫ్తలీన్, పెట్రోలు శ్రేణి, డీజిల్ శ్రేణి. చవకగా దొరికే ‘ఆయిల్ అండ్ గ్రీజు’ తూకం పరీక్షకు ఒప్పుకోవద్దు. అందులో ద్రావకాన్ని ఆవిరి చేసి మిగిలింది తూస్తారు. పెట్రోలు ద్రావకంతో పాటే వెళ్లిపోతుంది, కుళ్లిన ఆకుల మైనం మాత్రం లెక్కలోకి వస్తుంది. 2000 ఫిబ్రవరికి ముందు నుంచీ నడిచిన బంకైతే సీసం కూడా చూపించాలి. దేశమంతటా సీసం పెట్రోలు ఆగింది అప్పుడే.

వాసన చూడటం, మట్టిని నీళ్లలో వేసి రంగుల పొర తేలుతుందేమో చూడటం కూలీలకు హెచ్చరికగా సరే, అంతకుమించి కాదు. పైగా బెంజీన్ ఉన్నచోట ముక్కు పెట్టడం మంచిది కాదు. జాగాలోనే పరీక్షించే ఫీల్డ్ కిట్లు డీజిల్‌కు కొంత నయం.

కాబట్టి నా మొగ్గు ల్యాబుకే, మీటరు దారి చూపితే. డబ్బు తక్కువైతే నలభై అంకెలకన్నా సరిగా తీసిన ఎనిమిది వయల్స్ మేలు: ప్రతి ట్యాంకు రెండు కొసల కింద, డిస్పెన్సర్ల (పెట్రోలు పోసే పంపుల) కింద, లారీ నుంచి ఇంధనం దింపే మూతి దగ్గర, పైపు కీళ్ల వద్ద. ట్యాంకు అడుగు సాధారణంగా మూడు మీటర్లు దాటి ఉంటుంది, అడుగున్నర లోతు మట్టి ఏమీ చెప్పదు. హైదరాబాద్ చుట్టుపక్కల మొరం, పగుళ్ల రాయి అయితే పెట్రోలు మట్టిలో ఆగకుండా పగుళ్లలోకి దిగుతుంది. అక్కడ ఈ వయల్స్ శుభ్రంగా వచ్చినా పక్కింటి బోరు నీళ్లకు కూడా బెంజీన్ పరీక్ష చేయించాకే అడ్వాన్సు ఇవ్వండి.