పాత సెమీ హాలో గిటార్ కొనేవాళ్లు నెక్‌కి కట్టిన పట్టీ విప్పి చూడండి

రాత్రంతా నిద్ర లేదు. కోపం తగ్గినాక రాద్దామనుకున్నా గానీ, ఈలోపు ఇంకొకరు నాకు విరిగిన గిటార్ అంటగట్టిన ఆయన దగ్గరికి పోయి మోసపోతే ఆ పాపం నాకూ తగులుతుందని ఇప్పుడే రాస్తున్నా.

కర్నూలులో పాత గిటార్లు అమ్మే ఆయనే. పేరు రాయను, ఈ చుట్టుపక్కల కొనేవాళ్లకు తెలిసే ఉంటుంది. గిబ్సన్ 335 అనే సెమీ హాలో గిటార్‌కి కాపీ, చెర్రీ రంగు, 26 వేలు. మా అనంతపురంలో సెమీ హాలో ఒకసారి వాయించి చూద్దామన్నా నాకు దొరకలేదు. కొత్త ఇబానెజ్ కంపెనీ గిటార్ కొనే స్తోమత లేదు. బ్లూస్ అంటే ప్రాణం. రెండేళ్లు కూడబెట్టిన డబ్బుతో ఆదివారం పొద్దున్నే బస్సెక్కినా.

ఏమీ తెలుసుకోకుండా పోలేదు. 1958లో గిబ్సన్ ఈఎస్-335 వచ్చినప్పటి నుంచి ఈ రకం గిటార్‌కి ఆయువుపట్టు నడుమ ఉండే చెక్క దిమ్మె. రెండు పక్కలా బోలు, మధ్యలో గట్టి చెక్క. అందుకే స్వరం గుండ్రంగా వస్తుంది, యాంప్ సౌండ్ పెంచినా పూర్తి బోలు గిటార్ మాదిరి తొందరగా ఫీడ్‌బ్యాక్ కూత పెట్టదు. దిమ్మె లేనిదాన్ని నాకు అంటగడతాడేమోనని ఎఫ్ హోల్ (పైన ఎఫ్ అక్షరంలా ఉండే రంధ్రం) లోకి ఫోన్ టార్చి వేసి మరీ చూసినా. దిమ్మె ఉంది. ఎంత సంతోషపడినానో! ఆ సంతోషంలో మిగతాది చూడలేదు. నా తప్పు అదే.

నట్ (నెక్ అంటే గిటార్ మెడ, దాని పైకొసన తీగలు ఆనే సన్న ముక్క) దగ్గర నెక్ చుట్టూ నల్లటి వెల్క్రో పట్టీ ఉంది. విప్పబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "తీయొద్దు తమ్ముడూ, నట్ వెనకాల తీగలు మోగకుండా కట్టినా, అందరూ కట్టేదే" అన్నాడు. నిజంగానే అట్లాంటి పట్టీలు కడతారు. నాకు తెలుసు కాబట్టే నమ్మినా. టీ తెప్పించినాడు. నేను ఫోన్‌లో డబ్బు పంపిందాకా ఆ గిటార్ మెడ మీద నుంచి చెయ్యి తీయలేదు. అప్పుడైనా నాకు తట్టాల్సింది.

ఇంటికొచ్చినప్పటి నుంచి శ్రుతి నిలవలేదు. 10 నిమిషాలకే అన్ని తీగలూ దిగిపోతున్నాయి. తీగలు పాతవేమో, మారుద్దామని నిన్న సాయంత్రం పట్టీ విప్పినా. నట్ వెనక అడ్డంగా గీత. గోరు పెడితే ఇరుక్కుంటోంది. గీతకు అటూ ఇటూ రంగు మిగతా నెక్ కంటే ఒక పిసరు ముదురు, లోపల జిగురు పచ్చగా గట్టిపడిపోయి ఉంది. చేతులు వణికినాయి.

ఈ గిటార్లు విరిగితే అక్కడే విరుగుతాయి. హెడ్‌స్టాక్ (తీగలు బిగించే తల) వెనక్కి వంగి ఉంటుంది, ట్రస్ రాడ్ (నెక్ లోపలి ఇనప కడ్డీ) కోసం సరిగ్గా అక్కడే చెక్క తొలుస్తారు, ఆరు తీగల లాగుడు 40 కిలోల పైనే. విరిగినదాన్ని అమ్మడం తప్పని నేననను. పద్ధతిగా అంటిస్తే ఏళ్లు నిలబడుతుంది. ఉన్నమాట చెప్పి సగం ధర అడిగుంటే నేనే తీసుకునేవాణ్ణి.

ఫోన్ చేసినా. "బస్సులో యాడ తగిలించుకున్నావో, నన్నడుగుతావేంది?" అన్నాడు. లోపల పాత జిగురు ఉందన్నా అంటే, "చూసుకోనే కదా కొన్నావు, ఇంగ నాకు ఫోన్ చేయాకు" అని పెట్టేసినాడు. తమ్ముడూ అని పిలిచి టీ తాపిన మనిషి! ఆ తర్వాత ఎన్నిసార్లు చేసినా కలవడం లేదు.

కొనేవాళ్లు నెక్ మీద ఏ పట్టీ ఉన్నా, క్లిప్ ఉన్నా తీయించండి. నట్ వెనక గోరుతో రాసి చూడండి, ట్రస్ రాడ్ మూత కూడా విప్పించండి. వద్దంటే డబ్బు జేబులోనే పెట్టుకుని వచ్చేయండి. రిపేరు ఏమీ లేదని అమ్మేవాళ్ల చేత మెసేజ్‌లో రాయించుకోండి, నేను ఆ పని చేయలేదు.

తీగలు వదులు చేసి పెట్టినా. శనివారం బెంగళూరులో రిపేరు చేసేవాళ్లకి చూపిస్తా. పగులు ఫొటోలు నా దగ్గర ఉన్నాయి, అడిగితే పంపుతా.