ఏఐతో పిటిషన్ రాసిస్తామనే సైట్లకు డబ్బు కట్టే ముందు ఇది చదవండి

కన్స్యూమర్ కేసు వేద్దామనుకుంటున్నవాళ్లు, ముఖ్యంగా లాయర్ లేకుండా సొంతంగా వేసుకుందామనుకునేవాళ్లు జాగ్రత్త. "ఏఐ లాయర్, గంటలో పిటిషన్ రెడీ, సుప్రీంకోర్టు తీర్పులతో సహా" అని యాడ్స్ ఇచ్చే సైట్లు ఇప్పుడు చాలా వచ్చాయి. మాడ్యులర్ కిచెన్‌కని అడ్వాన్స్ తీసుకుని పని సగంలో వదిలేసిన కాంట్రాక్టర్ మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేద్దామని అలాంటి ఒక సైట్‌కి రూ.4,999 కట్టాను.

డ్రాఫ్ట్ చూడ్డానికి మాత్రం పక్కాగా ఉంది, పేరాలకు నంబర్లు, ప్రేయర్ (ఏం ఇప్పించమని కోరుతున్నామో), వెరిఫికేషన్ (రాసిందంతా నిజమేనని చెప్పే భాగం) అన్నీ ఉన్నాయి. అందులో చూపించిన తీర్పుల కాపీలు జత చేద్దామని సుప్రీంకోర్టు తీర్పులు ఆన్‌లైన్‌లో దొరికే వాళ్ల ఈ-ఎస్‌సీఆర్ సైట్‌లో వెతికితే, మొదటిదానికి ఇచ్చిన వాల్యూమ్, పేజీ నంబర్ దగ్గర ఎవరిదో పెన్షన్ కేసు ఉంది. రెండోది అసలు లేనే లేదు. మూడోది నిజంగా ఉన్న తీర్పే, కానీ 41వ పేరాలోది అని కోట్స్‌లో పెట్టిన వాక్యం అందులో ఎక్కడా లేదు, ఉండటానికి ఆ తీర్పు 19 పేరాలకే అయిపోయింది! చివరి పేజీలో అయితే "కావాలంటే దీన్ని ఇంకా గట్టిగా రాసి ఇవ్వగలను" అని చాట్‌బాట్ మాట అలాగే ఉండిపోయింది, తీసేసే ఓపిక కూడా లేదు వాళ్లకి.

ఫోన్ చేస్తే "సరిచూసుకోవాల్సింది యూజరే అని టర్మ్స్‌లో ఉంది సార్" అన్నారు. అడ్వకేట్‌తో చెక్ చేయించాలంటే ఇంకో మూడు వేలట. రీఫండ్ లేదు. నేను అప్‌లోడ్ చేసిన ఆధార్, అగ్రిమెంట్, బ్యాంక్ స్టేట్‌మెంట్ డిలీట్ చేయమని మెయిల్ పెడితే జవాబే లేదు, నాకు డబ్బుకన్నా దీని టెన్షనే ఎక్కువగా ఉంది.

తీర్పు దొంగదని తేలితే కోర్టు ఆ సైట్‌ని అడగదు, అఫిడవిట్ మీద సంతకం ఎవరిదో వాళ్లనే అడుగుతుంది. 2023లో న్యూయార్క్‌లో ఒక విమానయాన సంస్థ మీద వేసిన కేసులో చాట్‌జీపీటీ పుట్టించిన తీర్పులు చూపించినందుకు లాయర్లకు 5,000 డాలర్ల జరిమానా పడింది, ఆ లాయర్ "ఇవి నిజమైన కేసులేనా" అని చాట్‌జీపీటీనే అడిగితే అవునని చెప్పిందట. 2025 సెప్టెంబర్‌లో గురుగ్రామ్ ఫ్లాట్ కొనుగోలుదారుల పిటిషన్ ఢిల్లీ హైకోర్టులో ఇలాగే దొరికిపోయి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. వాళ్లూ మనలాగే డబ్బు కట్టి ఇరుక్కున్నవాళ్లే కదా, అసలు బాధ పక్కకు పోయింది. అంతదూరం ఎందుకు, విజయవాడలో ఒక ఆస్తి తగాదాలో కింది కోర్టు ఇచ్చిన ఉత్తర్వులోనే లేని తీర్పులు నాలుగు కనిపించి ఆ విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది.

కేరళ హైకోర్టు 2025 జులైలో జిల్లా కోర్టుల కోసం పాలసీయే తెచ్చింది. తీర్పు, ఉత్తర్వు లాంటివి తేల్చడానికి ఏఐ వాడకూడదు, చాట్‌జీపీటీ లాంటి క్లౌడ్ టూల్స్‌లో కేసు వివరాలు పెట్టకూడదు, ఏఐ ఇచ్చిన ప్రతిదీ మనిషి సరిచూడాలి అని అందులో ఉంది. జడ్జీలకూ సిబ్బందికే ఇంత కట్టడి ఉంటే, మన ఆధార్ కాపీలు ఎవరో తెలియని సైట్‌లో ఎందుకు పెట్టాలి?

కన్స్యూమర్ కంప్లైంట్‌కి అసలు తీర్పులే అక్కర్లేదు. ఎప్పుడు ఎంత కట్టారు, ఏం ఇస్తామన్నారు, ఏం ఇవ్వలేదు, ఇవి తేదీలతో, రసీదులతో, వాట్సాప్ మెసేజ్‌ల ప్రింట్లతో మామూలు మాటల్లో రాస్తే చాలు. మీరు కట్టింది రూ.5 లక్షల లోపైతే కమిషన్‌లో ఫీజు కూడా లేదు. తీర్పు పెట్టాలనుకుంటే మాత్రం ఈ-ఎస్‌సీఆర్‌లో ఉచితంగా తెరిచి, మీకు కావాల్సిన పేరా కళ్లారా చదివాకే పెట్టండి.

ఇలాంటి డ్రాఫ్ట్‌తో ఇప్పటికే కేసు వేసేసినవాళ్లుంటే అవతలి వకీలు పట్టుకునేదాకా ఆగొద్దు, ఈరోజే ఒక్కో తీర్పూ వెతికి చూసి, లేనివాటిని వెనక్కి తీసుకుంటున్నామని మీరే ముందు కమిషన్‌లో మెమో (రాతపూర్వకంగా తెలిపే కాగితం) వేయండి.